పిల్లలు ఇంటికొచ్చారు, ఆర్డర్ ఇంకా రాలేదు: బెజవాడలో దత్తత రోజులు

న్యూజెర్సీ కోడలు · డిసెంబర్ 9, రాత్రి 10:05

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ గుంటూరే. న్యూజెర్సీలో స్థిరపడ్డాం, ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది. బెజవాడలో ఒక శిశుగృహ నుంచి అక్కాతమ్ముళ్లను దత్తత తీసుకుంటున్నాం. పెద్దదానికి ఐదు నిండాయి, చిన్నోడికి మూడు. కేంద్ర దత్తత సంస్థ కారా నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) వచ్చింది. కలెక్టర్ గారి ఆర్డర్ రావాలి. ఈలోగా ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద మా దగ్గర ఉంచుకోవచ్చని హామీపత్రం రాయించుకుని పిల్లల్ని పంపారు. పటమటలో ఫర్నిచర్‌తో సహా ఒక ఫ్లాట్ నెలవారీ అద్దెకు తీసుకున్నాం.

కాగితాల గురించి కాదు నేను అడిగేది. రోజు ఎలా గడపాలో చెప్పండి.

పొద్దున ఐదింటికే ఇద్దరూ లేచి కూర్చుంటారు. మంచం మీద పడుకోబెడితే దిగి చాప మీదకు వెళ్లిపోతారు. లైటు ఆర్పితే ఏడుపు. అక్కడ హాల్లో అందరూ వరసగా పడుకునేవాళ్లట, రాత్రంతా లైటు వెలుగుతూనే ఉండేదట. దాంతో మేమూ కిందే పడుకుంటున్నాం. చిన్నోడికి బయట ఎవరి చెప్పులు కనిపించినా సరే, జత కలిపి గోడవారగా పెట్టడం అలవాటు. మా అంతస్తులో నాలుగిళ్ల చెప్పులూ ఇప్పుడు మా గుమ్మం ముందే ఉంటున్నాయి. ఎదురింటావిడ మొదట విసుక్కుంది. ఇప్పుడు తనే వచ్చి, "నా జత ఎక్కడ పెట్టావురా" అని అడిగి తీసుకెళ్తోంది.

వీడు ఇడ్లీలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని మూడోదాని వైపు చూస్తాడు. పెద్దదాని తీరు వేరు. తమ్ముడికి పెట్టి, మూతి తుడిచి, వాడు తాగిన గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు తను తింటుంది. నేను కలిపి పెట్టబోతే "పప్పు వేడిగా ఉంటే వాడు తినడు, నేను పెడతా" అంటుంది. నిన్న దుప్పట్లు దులుపుతుంటే దాని దిండు గలీబులో సగం చపాతీ దొరికింది. గట్టిపడిపోయింది.

మా ఆయన్ని చూస్తే చిన్నోడు అక్క వెనకాల దాక్కుంటాడు. శిశుగృహలో అందరూ ఆయమ్మలే. వాడికి తెలిసిన మగమనిషి అంటే సూది వేసే డాక్టరే. ఈయనకు ఆఫీసు మన టైము రాత్రి ఏడున్నరకు మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. పగలంతా నిద్రమొహం. ఇక దగ్గరయ్యేదెప్పుడు?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇద్దరమ్మాయిల నాన్న · డిసెంబర్ 9, రాత్రి 11:20

చెల్లెమ్మా, ముందుగా శుభాకాంక్షలు. మేం గుంటూరులోనే ఉంటాం. మా ఇద్దరూ శిశుగృహ నుంచి వచ్చినవాళ్లే, పెద్దదానికి ఇప్పుడు పదకొండు.

ఆ చపాతీ గురించి అడగొద్దు, తిట్టొద్దు, నవ్వొద్దు. మా పెద్దది స్కూలు యూనిఫారం జేబులో అన్నం పెట్టుకునేది. జేబంతా చీమలు. మా ఆవిడ ఒక చిన్న స్టీలు డబ్బా కొని మరమరాలు, వేయించిన పల్లీలు పోసి "ఇది నీది, నీ దిండు పక్కనే ఉంటుంది" అని ఇచ్చింది. ఒక్కటే నియమం, అది మేం మూత తీయం. పొద్దున ఖాళీగా కనిపిస్తే మాత్రం అడగకుండా నింపేవాళ్లం. కొన్నాళ్లు రాత్రి రెండింటికి కూడా మూత చప్పుడు వినిపించేది. తర్వాత తర్వాత దాని ఊసే మరిచిపోయింది.

బావగారి విషయానికొస్తే, పిల్లాడి వెంట పడొద్దనండి. హాల్లో నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టుకోమనండి. వాడి వైపు చూడకపోయినా పర్లేదు. అరటిపండు మాత్రం ఆయన చేత్తోనే ఇప్పించండి, ఇంకెవరి దగ్గరా దొరకకూడదు. నాకు పనికొచ్చిన చిట్కా ఇది.

గట్టు వెనక · డిసెంబర్ 10, ఉదయం 6:48

వన్‌టౌన్ నుంచి. చెప్పులు సర్దే పిల్లాడు మా అపార్ట్‌మెంటుకు కూడా కావాలండీ.

బ్రాడీపేట టీచరమ్మ · డిసెంబర్ 10, ఉదయం 9:30

ముప్పై ఏళ్లు బడిలో చేసి రిటైరయ్యాను. హాస్టల్ పిల్లలకు పాఠాలు చెప్పాను కాబట్టి ఒక మాట చెప్తానమ్మా. పెద్దపిల్ల దగ్గర్నుంచి తమ్ముణ్ణి లాక్కోకు. "నువ్వు చిన్నపిల్లవి, ఆడుకో, వాణ్ణి నేను చూసుకుంటా" అని ముద్దుగానే అంటాం. కానీ ఆ పిల్లకు ఇంతకాలం తనదంటూ ఉన్నది వాడొక్కడే. ఆయమ్మలు మారారు, గదులు మారాయి, పక్కన పడుకునే పిల్లలు వెళ్లిపోయారు. నువ్వొచ్చి ఆ ఒక్క పనీ తీసేసుకుంటే దాని చేతులు ఖాళీ అయిపోతాయి.

పిల్లల డాక్టరు, గుంటూరు · డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:15

టీచరమ్మగారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. లాక్కోకూడదు, నిజమే. అలాగని వదిలేయకూడదు కూడా. ఐదేళ్ల పిల్లే తల్లి పని చేస్తూ పోతే, చిన్నవాడు కొత్త అమ్మ దగ్గరికి వెళ్లాల్సిన అవసరమే ఉండదు. పెద్దదానికేమో తనకు ఆకలిగా ఉందని చెప్పే అలవాటే రాదు. ఇలాంటి జంటల్ని నా దగ్గరికి తీసుకొస్తుంటారు. జ్వరం అక్కకు ఉంటుంది, అక్కేమో తమ్ముడి నుదురు పట్టుకుని చూస్తుంటుంది.

చేయాల్సింది చిన్నదే. అది తమ్ముడికి పెడుతున్నంతసేపూ మీరు దానికి పెట్టండి. దాని చేతులు వాడి కంచంలో ఉంటాయి, మీ చెయ్యి దాని నోటికి వెళ్తుంది. మొదట మొహం తిప్పుకుంటుంది, పెడుతూనే ఉండండి.

ఇక ఆరోగ్యం. శిశుగృహ ఇచ్చిన మెడికల్ రిపోర్టు ఉన్నా ఇక్కడే ఒకసారి పూర్తిగా చూపించండి. హిమోగ్లోబిన్, నులిపురుగుల మందు, తలలో పేలు, వేళ్ల సందుల్లో గజ్జి, పళ్లు, వినికిడి. టీకాల కార్డు జిరాక్సు కాదు, అసలుది అడిగి తీసుకోండి. వీసా మెడికల్‌లో టీబీ పరీక్ష ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉంటే ఇప్పుడే చూపించుకోండి. వయసులు కూడా పళ్లు, ఎత్తు చూసి అంచనా వేసి రాసినవే అయ్యుండొచ్చు. కాగితంలో ఐదు అని ఉందని ఐదేళ్ల పిల్ల చేసేవన్నీ చేయాలని చూడకండి.

బ్రాడీపేట టీచరమ్మ · డిసెంబర్ 10, సాయంత్రం 4:02

డాక్టరుగారూ, నేనూ వదిలేయమనలేదు. కొన్నాళ్లు ఆగమన్నాను. అంతే తేడా.

తెనాలి తమ్ముడు · డిసెంబర్ 11, ఉదయం 11:10

అక్కా, మధ్యలో వచ్చి అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. మా అన్నయ్య టెక్సస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు. పిల్లలు లేరు. మా మేనత్త కొడుక్కి ముగ్గురు ఆడపిల్లలు, చిన్నదాన్ని ఇస్తామంటున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుంటే సరిపోతుంది, ఇదంతా ఎందుకు అంటున్నారు ఇంట్లో. నిజమేనా?

కాగితాల పులి · డిసెంబర్ 11, రాత్రి 9:45

తమ్ముడూ, ఆ పత్రం ఇక్కడ చెల్లుతుంది. 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం కింద, పిల్లకు పదిహేను నిండకపోతే, మిగతా షరతులు కుదిరితే, తల్లిదండ్రులు ఇవ్వొచ్చు, మీ అన్నయ్య తీసుకోవచ్చు. ఆస్తి హక్కులకు, ఇంటిపేరుకు అది చాలు. విమానం ఎక్కించడానికి మాత్రం చాలదు.

అమెరికా పౌరులు ఇండియా నుంచి పిల్లల్ని తీసుకెళ్లాలంటే దేశాల మధ్య దత్తతల కోసం చేసుకున్న హేగ్ ఒప్పందం దారిలో వెళ్లాలి. ఆ ఒప్పందం 1993 నాటిది, మన దేశం 2003లో చేరింది. ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్‌కు ఐ-800ఏ దరఖాస్తు (దంపతుల అర్హతకు), తర్వాత ఐ-800 (ఆ పిల్లకు), ఆపైన కారా ఎన్‌ఓసీ, ఆర్డర్, వీసా. అయితే ఈ ఐ-800 దారి దంపతుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులైతేనే. హెచ్1బీ వాళ్లకు, గ్రీన్‌కార్డు వాళ్లకు లేదు. వాళ్లు దత్తత పిల్లను తమ బిడ్డగా చూపించి తీసుకెళ్లాలంటే పదహారేళ్లు నిండకముందు దత్తత జరిగి ఉండాలి. పైగా 2 ఏళ్లు చట్టపరమైన సంరక్షణ, 2 ఏళ్లు కలిసి నివాసం ఉన్నట్టు రుజువు చూపాలి. అంటే మీ అన్నయ్యో వదినో వచ్చి ఇక్కడ రెండేళ్లు ఆ పిల్లతో ఉండాలి. చాలామంది పత్రం రాయించుకున్నాక ఈ సంగతి తెలిసి తల పట్టుకుంటారు. అప్పటికే పిల్లను నాయనమ్మ ఇంట్లో దించేసి ఉంటారు.

ఇంకోటి. బంధువుల దత్తతకు జువెనైల్ జస్టిస్ చట్టంలో వేరే పద్ధతి ఉంది. కానీ బంధువులు అంటే ఆ చట్టం ప్రకారం పిల్లకు పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. మేనత్త కొడుకు కూతురంటే మనకు ఎంత దగ్గరైనా ఆ జాబితాలోకి రాదు. పత్రం రాయించే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి.

తెనాలి తమ్ముడు · డిసెంబర్ 11, రాత్రి 10:01

అమ్మో. సరే అన్నా, ఇంట్లో చదివి వినిపిస్తా.

కొత్త సభ్యుడు · డిసెంబర్ 13, ఉదయం 8:20

ఇన్ని తిప్పలు ఎందుకండీ. మా ఊరి దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు ఉంది. పుట్టిన పిల్లను డైరెక్టుగా ఇప్పిస్తుంది, సర్టిఫికెట్ కూడా మన పేరు మీదే. కావాలంటే నంబరు ఇస్తా.

నిర్వాహకులు · డిసెంబర్ 13, ఉదయం 8:41

పై సభ్యుణ్ణి తొలగించాం. ఆయన చెప్పింది దత్తత కాదు, పిల్లల అమ్మకం. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఐదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా. పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నారో ఆ ఆసుపత్రి సిబ్బందే ఆ పని చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. ఇలాంటి మాట ఎవరి నోట విన్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అలాగే పిల్లల ఫొటోలు, పేర్లు, శిశుగృహ పేరు ఇక్కడ పెట్టవద్దు. 74వ సెక్షన్ కింద అదీ నేరమే. న్యూజెర్సీ కోడలు గారు ఇప్పటిదాకా పాటించారు, ధన్యవాదాలు.

న్యూజెర్సీ కోడలు · డిసెంబర్ 19, రాత్రి 11:50

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. ఒక్క చేత్తో టైపు చేస్తున్నా, ఇంకో చేతిని చిన్నోడు పట్టుకుని నిద్రపోయాడు.

డబ్బా కొన్నాం. బీసెంట్ రోడ్‌కి ఇద్దర్నీ తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోమన్నాం. అది పొరపాటు అంటారేమో, జనాన్ని చూసి వాడు నా చీర కుచ్చిళ్లలోకి దూరిపోయాడు, పెద్దది మాత్రం కొట్టువాడితో "మూత గట్టిగా పడాలి" అని బేరం చేసినంత పని చేసింది. మరమరాలు వద్దంది. అటుకులు కావాలంది. డాక్టరుగారు చెప్పినట్టు అది తమ్ముడికి పెడుతుంటే నేను దానికి పెడుతున్నా. మొదట పెదవులు బిగించేసింది. మూడో పూటకు, నా వైపు చూడకుండానే నోరు తెరిచింది. ఇప్పుడు ముద్ద ఆలస్యమైతే మోచేత్తో పొడుస్తోంది. టీచరమ్మగారూ, గ్లాసు కడగడం మాత్రం మాన్పించలేదు, అది దానికే వదిలేశా.

ఈయన బట్టలు మడతపెడుతున్నారు. న్యూజెర్సీలో ఒక్కనాడు మడతపెట్టిన పాపాన పోలేదు! చిన్నోడు దూరం నుంచి చూసి చూసి ఒకరోజు తన నిక్కరు తెచ్చి ఆయన ముందు పడేసి పరిగెత్తాడు. అరటిపండుకైతే దగ్గరికొస్తున్నాడు, తీసుకోగానే మాయం.

ఇప్పుడు ఇంకో బాధ. లిఫ్టులో, కూరగాయల బండి దగ్గర, గుడి మెట్ల మీద ఒకటే ప్రశ్న. "పిల్లలు మీవాళ్లేనా? రంగు రాలేదే. ఎవరి పిల్లలు? ఏమిట్లు?" మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. దత్తత అంటే ముందు ఆవిడకే ఇష్టం లేదు. నిన్న కింద ఫ్లాటావిడ పెద్దదాని ముందే "అసలు తల్లిదండ్రులు ఏమయ్యారు" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మా అత్తగారు కూరల సంచీ నా చేతికిచ్చి "నా మనవరాలు. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. ఆవిడ మళ్లీ కనిపించలేదు.

పటమట పడుచు · డిసెంబర్ 20, ఉదయం 7:15

అత్తగారికి నా నమస్కారాలు. మా వీధే అయ్యుంటుంది, కింద ఫ్లాటావిడ ఎవరో నాకు తెలిసిపోయింది.

సాయంత్రాలు బ్యారేజీ వైపు తీసుకెళ్లండి. డెబ్బై గేట్లున్నాయి, లెక్కపెడుతూ నడిస్తే పిల్లలకు అంకెలూ వస్తాయి, మీకు నడకా అవుతుంది. ఇప్పుడు భవానీల సీజన్, కొండ చుట్టుపక్కల ఎర్రబట్టల జనం కిటకిటలాడుతుంటారు. దీక్షల విరమణ అయిపోయాక దర్శనానికి వెళ్లండి, ముందు వద్దు. భవానీ ద్వీపానికి వారం మధ్యలో వెళ్తే పడవ ఖాళీగా ఉంటుంది.

పాతకాలం పెద్దాయన · డిసెంబర్ 20, మధ్యాహ్నం 12:30

నా సలహా వేరు. అమెరికా వెళ్లాక అక్కడివాళ్లకు దత్తత అని చెప్పనే వద్దు. చిన్నోడికి గుర్తుండదు. పెద్దది కూడా మరిచిపోతుంది. పెద్దయ్యాక తెలిస్తే పరాయివాళ్లం అనుకుంటారు.

ఇద్దరమ్మాయిల నాన్న · డిసెంబర్ 20, మధ్యాహ్నం 1:05

పెద్దాయన గారూ, మన్నించాలి. ఐదేళ్ల పిల్ల మరిచిపోదు. మనం మరిచిపోయినట్టు నటిస్తే, అది కూడా నటించడం నేర్చుకుంటుంది. మా రెండోది నాలుగేళ్లప్పుడు మా వీధి పిల్లలకు "నేను ఆఫీసులో సంతకం పెడితే వచ్చాను, మీరు ఆసుపత్రిలో వచ్చారు" అని గొప్పలు చెప్పుకునేది. ఇప్పటికీ ఇద్దరూ మా ఇంటికి వచ్చిన రోజున పాయసం చేస్తాం.

కాగితాల పులి · డిసెంబర్ 20, సాయంత్రం 6:20

పైగా దాచడం కుదరదు కూడా. తీసుకెళ్లాక 2 ఏళ్ల పాటు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి రిపోర్టులు పంపుతారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. వచ్చినప్పుడల్లా ఆవిడెవరో పిల్లలకు ఏమని చెప్తారు?

కోడలుగారూ, ఆర్డర్ ఎంతవరకొచ్చింది? 2022 సెప్టెంబర్ 1 నుంచి కోర్టుల బదులు జిల్లా మేజిస్ట్రేట్లే, అంటే కలెక్టర్లే ఇస్తున్నారు కదా. దరఖాస్తు నుంచి రెండు నెలల్లో ఇవ్వాలని ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఫైలు కదిలిందో లేదో వారానికోసారి మర్యాదగా అడుగుతూ ఉండండి. అడగకపోతే ఎన్నికల డ్యూటీ, వరద డ్యూటీ, వీఐపీ డ్యూటీ అన్నీ మీ ఫైలు కన్నా ముందుంటాయి.

న్యూజెర్సీ కోడలు · జనవరి 17, ఉదయం 10:30

పండగ ముందే ఆర్డర్ వచ్చింది! సంతకాలయ్యాక బయటికొచ్చి మా ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. చిన్నోడు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు, అరటిపండు లేకుండానే. నేను ఫొటో తీయలేదు. తీసి ఉంటే వాడు లేచిపోయేవాడు.

సంక్రాంతి గుంటూరులో చేశాం. వాచ్‌మన్ గారి భార్య పెద్దదానికి ఎర్ర రిబ్బన్లతో రెండు జడలు వేసి పంపింది. చిన్నోడికి అత్తగారు భోగిపళ్లు పోశారు. తలమీద నుంచి పడిన చిల్లర, రేగిపళ్లు ఏరుకోవడానికి పిల్లలంతా ఎగబడితే మనవాడూ దిగిపోయి తన తలమీదవే ఏరుకున్నాడు. పెద్దది గొబ్బెమ్మలు పెట్టింది. పేడ అంటే అస్సలు జంకలేదు, జంకింది నేనే.

గొడవ కూడా జరిగింది, అంతా బాగుందని అనుకోకండి. ఇంటి నిండా చుట్టాలు. రాత్రికి పెద్దది తమ్ముణ్ణి తీసుకుని సామాన్ల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. గంటసేపు తీయలేదు. పిలిచినకొద్దీ లోపల్నుంచి "వాడు నిద్రపోయాడు, మాట్లాడకండి" అంటోంది. చివరికి నేను తలుపు బయట నేల మీద పడుకుని "సరే, నేనిక్కడే ఉన్నా" అన్నాను. చాలాసేపటికి గడియ తీసి, నా పక్కన చోటుందో లేదో చూసి, తమ్ముణ్ణి లోపలే వదిలి ఒక్కతే వచ్చి పడుకుంది. వాణ్ణి వదిలి రావడం అదే మొదటిసారి.

పిల్లల డాక్టరు, గుంటూరు · జనవరి 17, మధ్యాహ్నం 3:40

గడియ బయట నుంచి తీయడానికి వీలుగా మార్పించండి, ఇవాళే. మిగతాది బాగుంది. చాలా బాగుంది.

బ్రాడీపేట టీచరమ్మ · జనవరి 17, సాయంత్రం 5:00

గుంటూరు వచ్చి మా ఇంటికి రాకుండా వెళ్లావా?

కాగితాల పులి · జనవరి 18, ఉదయం 9:10

శుభం. ఇప్పుడు వరసగా చేయాల్సినవి: ఆర్డర్ కాపీతో పుట్టిన సర్టిఫికెట్ మీ పేర్లతో తీసుకోండి. అందులో పిల్లల పేర్ల స్పెల్లింగు ఆర్డర్‌లో ఉన్నట్టే ఉందా చూసుకోండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతుంది. దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా నుంచి హేగ్ ఒప్పందం ఆర్టికల్ 23 కింద సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత పాస్‌పోర్టు, ఆపైన వీసా. ఇక్కడే దత్తత పూర్తయింది కాబట్టి మీవాళ్లకు ఐహెచ్-3 వీసా వస్తుంది. దానిమీద అమెరికాలో అడుగుపెట్టి మీతో ఉంటే 2000 నాటి అమెరికా చట్టం ప్రకారం పౌరసత్వం దానంతటదే వచ్చేస్తుంది. తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోండి, వేసవి సెలవులకు అత్తగారి దగ్గరికి రావాలి కదా.

తెనాలి తమ్ముడు · జనవరి 18, రాత్రి 8:55

అక్కా, మా అన్నయ్య వాళ్లు ఆ పత్రం ఆలోచన మానుకున్నారు. వదిన ఈ చర్చంతా చదివింది. గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాం, పౌరసత్వం దాకా ఎన్నేళ్లో తెలియదు, అందుకని ఉద్యోగం ఇక్కడికి మార్చుకుని వచ్చేస్తే ఎలా ఉంటుందని మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో పెద్ద యుద్ధమే నడుస్తోంది.

న్యూజెర్సీ కోడలు · ఫిబ్రవరి 12, రాత్రి 9:20

పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. వచ్చే వారం వీసా పని మీద ఢిల్లీ, అక్కణ్నుంచి అటే. టీచరమ్మగారూ, రేపు ఉదయం మీ ఇంటికొస్తున్నాం, పెసరట్టు చేస్తానన్నారు, గుర్తుందా.

అడుగుతున్నవాళ్లకు చెప్తున్నా, ఫ్లాట్ ఈ నెలాఖరుకి ఖాళీ అవుతుంది. ఓనరు మంచివాళ్లే, దత్తత అని చెప్తే అడ్వాన్సు కూడా తగ్గించారు. కుక్కరు, మిక్సీ, పిల్లల స్వెట్టర్లు వదిలేసి వెళ్తున్నాం. శిశుగృహ దగ్గరికి ఆటోలో పావుగంట.

నెల్లూరు నుంచి ఇద్దరం · ఫిబ్రవరి 12, రాత్రి 10:02

అమ్మా, మాకు కూడా రిఫరల్ (దత్తతకు ఫలానా బిడ్డ అని చూపడం) వచ్చింది, బహుశా వేసవిలో బెజవాడ రావాల్సి ఉంటుంది. మేం సింగపూర్ నుంచి వస్తాం. ఆ ఫ్లాట్‌లో కరెంటు పోతే జనరేటర్ ఉందా?

న్యూజెర్సీ కోడలు · ఫిబ్రవరి 12, రాత్రి 10:10

ఉంది, కానీ ఏసీకి రాదు. లైట్లు, ఫ్యాన్లు, లిఫ్టుకు వస్తుంది. మే నెలయితే ఆలోచించుకోండి, ఓనరుగారి నంబరు మెసేజ్‌లో పంపుతున్నా.